చెరిపేసిన బోర్డు

ఎలక్ట్రానిక్ విడిభాగాలు చేసే యూనిట్‌ను కొన్నవాడు వెంటనే మార్చకూడనిది దాని పేరు. ఈ మాట నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. చెప్పినా అప్పుడు వినేవాణ్ని కాదు. 2016 మొదట్లో మల్లాపూర్‌లో ఒక పాత వైండింగ్ యూనిట్‌ను కొన్నాను. కాగితాల మీద సంతకాలు అయిన వారంలోనే దాని గేటు మీది బోర్డుకు రంగు పూయించి, మా యూనిట్ పేరు రాయించాను. పెయింటర్‌కు ఇచ్చింది కొద్ది వందల రూపాయలే. ఆ కొనుగోలులో నేను చేసిన పొరపాట్లన్నిటికీ మొదలు మాత్రం అదే.

మాది లింగంపేట. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సెక్కితే మధ్యలో వస్తుంది. బయటివాళ్లకు మా ఊరంటే నాగన్న బావి. మెట్లు మెట్లుగా లోపలికి దిగే ఆ రాతి బావిని చూడటానికి ఇప్పుడు హైదరాబాద్ నుంచి కూడా జనం వస్తున్నారు. నేను చదువుకునే రోజుల్లో మా వైపు పిల్లలకు ఊరు దాటితే రెండు దారులే కనిపించేవి. ఒకటి దుబాయ్, మస్కట్ దారి. రెండోది హైదరాబాద్ దారి. మగవాళ్లు గల్ఫ్‌కు పోతే, ఆడవాళ్లు ఇంటి అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టేవారు. నేను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి రెండో దారి పట్టాను.

ఆ దారి నన్ను ఈసీఐఎల్ చౌరస్తాలో దింపింది. అయ్యగారి సాంబశివరావు గారి సారథ్యంలో 1967లో ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ మొదలయ్యాక, దాని చుట్టూ కుషాయిగూడ, చర్లపల్లి, మల్లాపూర్, నాచారం వైపు చిన్న చిన్న షెడ్లు లేచాయి. ఒకడు రేకు పెట్టెలు చేస్తే, ఒకడు వైరింగ్ కట్టలు కట్టేవాడు, ఒకడు సర్క్యూట్ బోర్డులకు రంధ్రాలు వేసేవాడు. ఏఎస్ రావు నగర్ పేరు పలికే ప్రతిసారీ ఆ పెద్దాయన రుణం గుర్తుకు రావాలి మాబోటి వాళ్లకు. ఆయన వేసిన పునాది లేకపోతే, లింగంపేట నుంచి వచ్చిన ఐటీఐ కుర్రాడికి ఈ నగరంలో ఎలక్ట్రానిక్స్ పని ఎక్కడ దొరికేది? చాలా ఏళ్లు అలాంటి షెడ్డు ఒకదాంట్లో పనిచేసి, తర్వాత చర్లపల్లిలో నా సొంత షెడ్డు పెట్టుకున్నాను.

మేం చేసేది ట్రాన్స్‌ఫార్మర్లు. ఊళ్లో ఈ మాట అంటే పొలం గట్టున స్తంభాల మీద ఉండే దాన్నే అనుకుంటారు. మావి అరచేతిలో నాలుగైదు పట్టేంత చిన్నవి. యూపీఎస్‌లో, ఎల్ఈడీ లైటు వెనక ఉండే పెట్టెలో, కరెంటు మీటరులో ఉంటాయి. ప్లాస్టిక్ బాబిన్ మీద ఎనామిల్ పూత వేసిన రాగి తీగ చుట్టాలి. పొరకూ పొరకూ మధ్య టేపు వేయాలి. రెండు ఫెర్రైట్ కోర్ ముక్కలు బిగించాలి. వార్నిష్ పట్టించి ఓవెన్‌లో ఆరబెట్టాలి. ఆ తర్వాత ఒక్కోదాన్నీ మీటరు మీద పెట్టి ఇండక్టెన్స్, లీకేజీ, తీగ నిరోధం చూడాలి. చివరికి ఎక్కువ వోల్టేజీ ఇచ్చి ఇన్సులేషన్ తట్టుకుంటుందో లేదో చూడాలి. ఈ వరసలో ఏ పనీ కష్టంగా కనిపించదు. అందుకే బయటి నుంచి చూసినవాడికి ఎవరైనా చేయొచ్చనిపిస్తుంది. నేను అదే పనిలో తల పండినవాణ్ని. అయినా మరొకరి షెడ్డును చూసినప్పుడు నాకూ అలాగే అనిపించింది.

నా షెడ్డు బాగానే నడిచేది. ఆర్డర్లు ఉండేవి గానీ మిగులు పల్చన. చైనా మాలుతో పోటీ. ఒక్కో ముక్క మీద మిగిలేది పైసల్లో ఉండేది. పెద్దగా పెరగాలంటే ఏం చేయాలా అని నేను ఆలోచిస్తున్న రోజుల్లో ఒక కంపెనీ చరిత్ర నా కంటబడింది. నన్ను దారి తప్పించింది ఆ చరిత్ర కాదు, నేను దాన్ని చదివిన తీరు. అందుకని దాన్ని కాస్త వివరంగా చెప్పాలి.

ఫెలిక్స్ జాండ్‌మన్ అనే యూదు కుర్రాడు అప్పటి పోలండ్‌లోని గ్రోడ్నోలో పెరిగాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల నుంచి తప్పించుకోవడానికి, ఒక పోలిష్ కుటుంబం తమ ఇంటి కింద తవ్విన గోతిలో మరి కొందరితో కలిసి 17 నెలలు దాక్కున్నాడు. ఆ చీకట్లో అతని మేనమామ అతనికి గణితం నేర్పాడు. యుద్ధం అయ్యాక ఫ్రాన్సులో చదివి, అమెరికా వెళ్లి, బంధువు ఆల్‌ఫ్రెడ్ స్లేనర్ పెట్టుబడితో 1962లో ఒక కంపెనీ పెట్టాడు. దానికి లిథువేనియాలోని తమ పూర్వీకుల ఊరి పేరు పెట్టుకున్నారు: విషే. ఆ ఊళ్లో ఉండిపోయిన బంధువులు నాజీల చేతుల్లో పోయారు. వాళ్ల జ్ఞాపకంగా ఆ పేరు. 1985లో డేల్, 1987లో జర్మనీలోని డ్రాలోరిక్, 1988లో ఫ్రాన్సులోని స్ఫెర్నిస్, 1992లో స్ప్రేగ్ వారి టాంటలం కెపాసిటర్ల వ్యాపారం, 1993లో రోడర్‌స్టైన్, 1994లో విట్రమాన్, 1998లో సిలికానిక్స్, 2001లో జనరల్ సెమీకండక్టర్, 2002లో బీసీ కాంపొనెంట్స్... ఇలా ఒక్కోదాన్నీ కొంటూ, రెసిస్టర్ల చిన్న కంపెనీ కెపాసిటర్లు, డయోడ్లు, ట్రాన్సిస్టర్లు అన్నీ చేసే ప్రపంచ కంపెనీ అయింది.

ఇందులో రెండే నా గుండెకు పట్టాయి. ఒకటి, కంపెనీకి ఊరి పేరు. రెండోది, ఆ కొనుగోళ్ల జాబితా. ఎప్పటికైనా లింగంపేట పేరు ఒక కంపెనీ బోర్డు మీద ఉండాలని, ఊరి పిల్లలు గల్ఫ్ వీసాల కోసం అప్పులు చేయకుండా అందులో పనికి రావాలని నాకు నిజంగా ఉండేది. ఇప్పటికీ ఉంది. ఆ కోరికలో తప్పు లేదు.

తప్పు చదవడంలో ఉంది. 1962కూ 1985కూ మధ్య 23 ఏళ్లున్నాయి. ఆ కాలమంతా జాండ్‌మన్ తన సొంత సరుకు మీద కూర్చున్నాడు. ఉష్ణోగ్రత మారినా విలువ దాదాపు మారని పల్చటి లోహపు రేకు రెసిస్టర్ అతని సొంత విద్య. పక్కవాడు చేయలేనిది ఒకటి చేతిలో ఉన్నాక, దాని మీద మిగులు వచ్చాక, కొనుగోళ్లకు దిగాడు. నా చేతిలో అలాంటిది ఏముంది? పక్క షెడ్డువాడు చేసేదే నేనూ చేస్తున్నాను, వాడికంటే కాస్త చవగ్గా. మిగులు లేకనే నేను కొనాలనుకున్నాను. అతను మిగులు ఉండి కొన్నాడు. ఈ తేడా అంతా ఆ సంవత్సరాల అంకెల్లోనే కళ్లముందు కనిపిస్తున్నా నేను చూడలేదు. ఇంకొకటి కూడా చూడలేదు. డేల్‌ను అతను ఒక్కసారిగా మింగలేదు. ముందు సగం వాటా తీసుకుని, కొన్నేళ్లకు మిగతా సగం తీసుకున్నాడు. విషే డేల్, విషే స్ప్రేగ్, విషే సిలికానిక్స్ అని ఆ పాత పేర్లు దశాబ్దాల తర్వాత కూడా వాళ్ల కాగితాల మీద కనిపిస్తాయి. పాత పేర్లు ఎందుకు ఉంచారో అప్పుడు ఆలోచించి ఉంటే, మల్లాపూర్ గేటు దగ్గర ఆ పెయింటర్‌ను నిచ్చెన ఎక్కనిచ్చేవాణ్ని కాదు.

మల్లాపూర్ యూనిట్ యజమాని ఒక ప్రభుత్వ రంగ సంస్థలో ఇంజనీరుగా రిటైరైన పెద్దమనిషి. పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు. వెనక చూసుకునేవాళ్లు లేరు. ఆయన యూనిట్ నాదానికంటే చిన్నది. కానీ రైల్వే సిగ్నలింగ్ పరికరాలు చేసే ఒక కంపెనీకి పల్స్ ట్రాన్స్‌ఫార్మర్లు, చోక్‌లు ఇచ్చేది. ముక్కకు వచ్చే ధర నా సరుకు ధరకు ఎన్నో రెట్లు. ఏటా తప్పకుండా వచ్చే ఆర్డరు. ఆ ఆర్డర్ల పుస్తకం చూడగానే నాకు మతి పోయింది. లింగంపేటలో నాన్న సంపాదించిన పొలంలో కొంత అమ్మాం. చర్లపల్లి షెడ్డు తాకట్టు పెట్టి బ్యాంకు అప్పు తీసుకున్నాం. మా యూనిట్ లెక్కలు నా భార్య చూసేది. ఆమె ఒక్క ప్రశ్న అడిగింది: "వాళ్లకు రావాల్సిన బాకీలు ఎన్ని నెలల నుంచి ఉన్నయి? బిల్లు తేదీల వారీగా రాసియ్యమని అడుగుండ్రి." పెద్ద కంపెనీల బాకీలు ఎక్కడికీ పోవు అన్నాను. తర్వాత చూస్తే వాటిలో కొన్ని పాత తగాదా బిల్లులు, వసూలు కానివి. గోడౌన్‌లో పూర్తి ధర కట్టి కొన్న కోర్లలో సగానికి సగం, కస్టమర్ ఎప్పుడో ఆపేసిన నమూనాలకు సంబంధించినవి. అవి ఇంకా మా అటక మీదే ఉన్నాయి.

నేను మిషన్లు లెక్కపెట్టాను. మూడేళ్ల లెక్కల పుస్తకాలు తిరగేశాను. ఆర్డరు కాగితాలు చూశాను. ఒక్క షిఫ్టు మాత్రం ఆ షెడ్డులో నిలబడి, పని ఎలా జరుగుతోందో చూడలేదు.

అమ్మకం అయిన రోజున ఆ పెద్దమనిషి, "ఒక ఏడాది పాటు రోజూ వస్తాను. జీతం అక్కర్లేదు. వీళ్లందరినీ నీకు అప్పజెప్పినట్టుంటుంది" అన్నారు. నేను మర్యాదగానే వద్దన్నాను. ఆయన వస్తూ ఉంటే పనివాళ్లు నా మాట వినరు, ప్రతిదానికీ ఆయన ముఖం చూస్తారు అన్నది నా లోపలి లెక్క. యజమాని ఒక్కడే ఉండాలనుకున్నాను. ఆ పూట నేను వద్దన్నది ఆ యూనిట్‌లో ఉన్న అసలు ఆస్తిని. మిగతాదంతా ఇనుము, రాగి.

వేసవిలో మల్లాపూర్ షెడ్డు అద్దె ఒప్పందం ముగిసింది. సొంత షెడ్డు ఉండగా మళ్లీ అద్దె ఎందుకని మిషన్లన్నీ చర్లపల్లికి తెచ్చేశాను. పక్కనే కదా, అనుకున్నాను. అక్కడ పనిచేసే ఆడవాళ్లందరూ చుట్టుపక్కల బస్తీల నుంచి నడిచి వచ్చేవాళ్లు. మధ్యాహ్నం ఇంటికి పోయి పిల్లలకు అన్నం పెట్టి వచ్చేవాళ్లు. చర్లపల్లి అంటే వాళ్లకు రెండు బస్సులు. నేను జీతం కొంచెం పెంచితే సరిపోతుందనుకున్నాను. రెండు నెలల్లో చాలామంది మానేశారు. వాళ్లలో అందరూ పెద్దక్క అని పిలిచే ఒకామె ఉండేది. సన్న తీగ చుట్టడంలో ఆమెకు సాటి లేదు. పోయేముందు నా దగ్గర పనిచేసే ఒక కుర్రాడి మిషన్ దగ్గర నిలబడి ఒక మాట చెప్పింది. "తీగెను గంత గుంజద్దు బిడ్డా. అది తెగది, పల్చగైతది. కంటికి తెల్వది, మీటరుకు తెలుస్తది." వాడు నవ్వి ఊరుకున్నాడు. నేనూ పట్టించుకోలేదు.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. సన్న రాగి తీగను ఎక్కువ బిగువుతో లాగితే సాగి సన్నబడుతుంది, నిరోధం పెరుగుతుంది. బిగువు చుట్టు చుట్టుకూ మారితే పొరలు సమంగా కూర్చోవు, లీకేజీ ముక్క ముక్కకూ మారుతుంది. యూపీఎస్ సరుకులో అది చెల్లిపోతుంది. పల్స్ ట్రాన్స్‌ఫార్మర్‌లో చెల్లదు; అవతలి వైపు చేరాల్సిన పల్స్ ఆకారమే పాడవుతుంది. రైలుకు ఎరుపో పచ్చో చెప్పే పరికరం లోపల అది కూర్చోబోతోంది. అక్కడ సర్దుబాటు ఉండకూడదు కూడా.

ఇంకో ఘనకార్యం వార్నిష్ దగ్గర చేశాను. ఆ పెద్దమనిషి ట్రాన్స్‌ఫార్మర్లను ఒక చాంబర్‌లో పెట్టి, గాలి మొత్తం లాగేసి, అప్పుడు వార్నిష్ లోపలికి వదిలేవారు. పొరల మధ్య గాలి బుడగ లేకుండా వార్నిష్ నిండుతుంది. గంటలు పట్టే పని. మా షెడ్డులో బుట్టలో పెట్టి వార్నిష్‌లో ముంచి తీసి ఆరబెట్టేవాళ్లం. నా సరుకుకు అది చాలు. ఆ చాంబర్ చోటు ఆక్రమిస్తోందని, కరెంటు తింటోందని దాన్ని అమ్మేశాను. లోపల మిగిలిపోయిన గాలిలో తేమ చేరుతుందని, వేడి, తేమ కలిపి పెట్టే పరీక్షలో ఇన్సులేషన్ పడిపోతుందని నాకు తెలియనిది కాదు. ఐటీఐలోనే చదువుకున్నాం. కానీ కొన్నవాడికి తన పద్ధతి అంటే ఒక మొండి నమ్మకం ఉంటుంది. వాళ్లు నష్టపోకుండా నడుపుతున్న పనిని కూడా, వాళ్లకు తెలియక అలా చేస్తున్నారని అనుకుంటాడు.

చర్లపల్లి నుంచి వెళ్లిన మొదటి లాటును కస్టమర్ తనిఖీలోనే ఆపేశారు. అక్టోబరులో ఉత్తరం వచ్చింది. ఆ వారం బాగా గుర్తు, ఎందుకంటే 2016 అక్టోబరు 11న దసరా రోజునే మా కామారెడ్డి కొత్త జిల్లా అయింది. ఊళ్లో అందరూ సంబరాల్లో ఉన్నారు. ఉత్తరంలో మూడు మాటలున్నాయి. సరఫరాదారు పేరు మారింది, మాకు చెప్పలేదు. తయారయ్యే చోటు మారింది, చెప్పలేదు. తయారీ పద్ధతి మారింది, చెప్పలేదు. కాబట్టి ఆమోదం నిలిపివేస్తున్నాం. మళ్లీ నమూనాలు ఇచ్చి, అన్ని పరీక్షలూ నెగ్గాకే ఆర్డర్లు. ఆ కంపెనీ నాకు అన్యాయమేమీ చేయలేదు. ఈ పరిశ్రమ నడిచేదే అలా. వాళ్ల డ్రాయింగులో ఫలానా భాగం ఫలానా పేరు గలవారి దగ్గర, ఫలానా చోట, ఫలానా పద్ధతిలో చేసింది అని రాసి ఉంటుంది. దాని మీద వాళ్ల పరికరానికి ఇంకెవరో ఇచ్చిన ఆమోదం ఆధారపడి ఉంటుంది. నేను బోర్డు మీద చెరిపించిన పేరు ఆ డ్రాయింగులో ఉన్న పేరు. విషే వాళ్లు డేల్ పేరును, స్ప్రేగ్ పేరును ఎందుకు ఉంచుకున్నారో ఆ ఉత్తరం చేతిలో పట్టుకున్నప్పుడు నా బుర్రకెక్కింది. ఎన్నో దేశాల్లో, ఎందరో ఇంజనీర్ల డ్రాయింగుల్లో కూర్చున్న పేర్లవి.

నవంబరు 8న పెద్ద నోట్ల రద్దు వచ్చింది. మరుసటి ఏడాది జూలై 1 నుంచి జీఎస్టీ. చాలా చిన్న యూనిట్లు అప్పుడు నిజంగానే దెబ్బతిన్నాయి. నా నష్టాన్ని కూడా నేను వాటి ఖాతాలోనే రాసుకున్నాను. ఎవరడిగినా అదే చెప్పాను: బ్యాంకు మేనేజర్‌కు, బంధువులకు, ఊళ్లో నాన్నకు. చెప్పి చెప్పి నేనే నమ్మాను. ఒక రాత్రి లెక్కలు రాస్తూ నా భార్య అంది: "ఆ కస్టమర్ మనకు ఎన్నడన్న నోట్లు ఇచ్చిండా? అంతా బ్యాంకు నుంచే కద. ఉత్తరం దసరాకు వచ్చింది. నోట్ల రద్దు ఆ తర్వాత." నా దగ్గర జవాబు లేదు. కొనుగోలు కంటే ఈ అబద్ధమే నన్ను ఎక్కువగా నష్టపరిచింది. కారణం బయట ఉందని నమ్మినంత కాలం, లోపల సరిచేసుకోవాల్సింది ఏదీ చేయలేదు. ఆ నెలలన్నీ వడ్డీ నడుస్తూనే ఉంది.

ఆ తర్వాతే పాత యజమాని ఇంటికి వెళ్లాను. ఆయన ఎత్తిపొడవలేదు. లోపలికి వెళ్లి ఒక సంచి తెచ్చి ముందు పెట్టారు. నోటు పుస్తకాలు. ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్‌కు కొన్ని పేజీలు: తీగ ఏ కంపెనీది వాడితే ఎంత బిగువు పెట్టాలి, ముసురు రోజుల్లో వార్నిష్‌కు ముందు ఎంతసేపు ఎండబెట్టాలి, ఏ లాటు ఎందుకు తిరిగొచ్చింది, అప్పుడు ఏం మార్చారు. "ఇవి ముందే ఇవ్వాల్సింది కదా సార్" అన్నాను. "ఆ ఏడాదిలో ఒక్కొక్కటీ చేసి చూపిస్తూ ఇద్దామనుకున్నాను బాబూ. చదివితే అర్థమయ్యేవి కావు" అన్నారు. ఆ తర్వాత వారానికి రెండు రోజులు చర్లపల్లి వచ్చారు. ఆయనకు ఎన్ని నమస్కారాలు పెట్టినా తక్కువే.

నేను నా కొనుగోలు గురించి కలలు కంటున్న రోజుల్లోనే, మన హైదరాబాద్‌లో పెద్ద ఎత్తున అలాంటిదే ఒకటి జరిగింది. బీవీఆర్ మోహన్ రెడ్డి గారు 1991లో పెట్టిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్, 2014లో సైయెంట్‌గా పేరు మార్చుకుంది. అది ఇంజనీరింగ్ డిజైన్ కంపెనీ; చేతితో వస్తువు చేసేది కాదు. 2015లో మైసూరులోని రంగ్‌సన్స్ ఎలక్ట్రానిక్స్‌లో 74 శాతం వాటా కొంది. రంగ్‌సన్స్ 1993లో మొదలైన కంపెనీ. సైకిల్ అగరుబత్తీల కుటుంబానిది. విమానాలకు, వైద్య పరికరాలకు వాడే సర్క్యూట్ బోర్డులు అమర్చే పని వాళ్లది. పేపర్లో ఆ వార్త చదివి, మనవాళ్లు మైసూరు కంపెనీని కొన్నారని గర్వపడ్డాను. 74 అన్న అంకె మీద కన్ను నిలవలేదు. మిగతా 26 శాతం అమ్మినవాళ్ల దగ్గరే ఉంది. అంటే రేపు కంపెనీ బాగుపడితే వాళ్లకూ లాభం, చెడితే వాళ్లకూ నష్టం. ఆ వాటాను తర్వాత కొన్నేళ్లకు తీసుకున్నారు. ఫ్యాక్టరీ మైసూరులోనే ఉంది. పేరు తర్వాత సైయెంట్ డీఎల్ఎం అయింది. 2023 జూలైలో ఆ కంపెనీ షేర్లు స్టాక్ ఎక్స్చేంజీల్లోకి వచ్చాయి. 2024లో అది అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఉన్న ఆల్టెక్ ఎలక్ట్రానిక్స్‌ను కొంది. అక్కడి కస్టమర్లకు అక్కడే చేసి ఇవ్వగలిగే షెడ్డు, మనుషులు, ఆమోదాలు దొరికినట్టే కదా. దాన్ని ఊడబెరికి ఇక్కడికి తెస్తే కొన్న ప్రయోజనమే పోతుంది. నేను మల్లాపూర్‌ను చర్లపల్లికి తెచ్చినప్పుడు చేసింది సరిగ్గా అదే.

మా పనికి ఇంకా దగ్గరి ఉదాహరణ తైవాన్‌లో ఉంది. యాజియో అనే రెసిస్టర్ల కంపెనీ 2018లో పల్స్ ఎలక్ట్రానిక్స్‌ను, 2020లో కెమెట్‌ను కొన్నది. పల్స్ వాళ్లది మా విద్యే: నెట్‌వర్క్ పరికరాల్లో వాడే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు, కాయిల్స్. కొన్నాక కూడా ఏళ్ల తరబడి మార్కెట్లో పల్స్ పేరుతోనే, కెమెట్ పేరుతోనే ఆ సరుకు దొరికింది. డబ్బుకు కొదవ లేని కంపెనీ, పేరు మార్చే హక్కు ఉండీ ఉంచుకుంది. పైసా పైసా లెక్కపెట్టుకునే నేను మొదటి వారంలోనే చెరిపేశాను.

ఆ తర్వాత జరిగింది తొందరగా చెప్తాను. మల్లాపూర్‌లోనే ఒక చిన్న షెడ్డు మళ్లీ అద్దెకు తీసుకున్నాం. గాలి లాగే చాంబర్ మళ్లీ కొన్నాం. అమ్మిన ధరకు చాలా ఎక్కువే అయింది. పెద్దక్క ఇంటికి నా భార్యే వెళ్లి మాట్లాడింది. ఆమె ముందు తన జీతం మాట ఎత్తలేదు. మధ్యాహ్నం ఇంటికి పోనిస్తారా అని అడిగింది. పాత పేరు బోర్డు మళ్లీ రాయించాం, కింద చిన్న అక్షరాల్లో మా యూనిట్ పేరుతో. నమూనాలు, పరీక్షలు, ఉత్తరాలు అన్నీ అయ్యి ఆమోదం తిరిగి వచ్చేసరికి ఏడాది దాటింది. అప్పటికే సగం నమూనాలకు కస్టమర్ ఇంకొకరిని వెతుక్కున్నారు. అవి మాకు మళ్లీ రాలేదు. మిగిలిన సగమే ఇప్పుడు మా ఇంటి అన్నం.

తిరిగి రానివి ఇంకా ఉన్నాయి. అమ్మిన పొలం రాలేదు. దానికంటే బాధ ఇంకొకటుంది. కొనుగోలు ఊపులో, కొత్త పని వస్తోంది కదా అని లింగంపేట నుంచి, చుట్టుపక్కల తండాల నుంచి కొందరు పిల్లల్ని తెచ్చుకున్నాను. వాళ్ల తల్లిదండ్రులకు నా నోటితో నేను మాటిచ్చాను. ఆర్డర్లు ఆగిపోయాక వాళ్లను ఇంటికి పంపాల్సి వచ్చింది. అందులో ఒకడు తర్వాత గల్ఫ్‌కు పోయాడు, అప్పు చేసి. ఆ ఏడాది నేను బతుకమ్మకు ఊరికి పోలేదు. వాడి తల్లికి ఏం చెప్పాలో తెలియక పోలేదు. ఇప్పుడు ఇద్దరు ఊరి పిల్లలు మల్లాపూర్ షెడ్డులో ఉన్నారు, పెద్దక్క దగ్గర పని నేర్చుకుంటున్నారు. బీడీలు చుట్టే ఇంట్లో పెరిగిన పిల్లలకు వేళ్ల నేర్పు తొందరగా అబ్బుతుందని ఆమె అంటుంది.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఎలక్ట్రానిక్ విడిభాగాల తయారీకి 22,919 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అంతకుముందు ఎక్కువ ప్రోత్సాహం ఫోన్లలాంటివి బిగించడానికే ఉండేది. ఇప్పుడు వాటి లోపలి భాగాల వంతు వచ్చింది. మంచిదే. నేను మనసారా కోరుకున్నదే. దీంతో పెద్ద కంపెనీలు చిన్నవాటి కోసం వెతుకుతాయి. మా తరం యజమానులు ముసలివాళ్లవుతున్నారు. వాళ్ల షెడ్లు అమ్మకానికి వస్తాయి. కొద్దో గొప్పో డబ్బు వెనకేసుకున్న నలభై ఏళ్ల వాళ్లు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఏదైనా పెడదామనుకునే మా వైపు వాళ్లు, కొత్తది కట్టే బదులు ఉన్నది కొందామనుకుంటారు. కొనండి. కొనడం తప్పని నేను చెప్పడం లేదు. సరిగా కొంటే పదేళ్ల దారి రెండేళ్లలో నడవొచ్చు.

అయితే కొనేముందు ఆ షెడ్డులో కనీసం ఒక నెల రోజులు నిలబడండి. కస్టమర్ ఆమోద పత్రాలు అడిగి, వాటిలో ఎవరి పేరుంది, ఏ చిరునామా ఉంది, ఏ పద్ధతి రాసుందో మీ కళ్లతో చదవండి. బాకీలు తేదీల వారీగా రాయించుకోండి. గోడౌన్‌లో ఉన్న సరుకులో ఈ ఏడాది వాడినది ఎంతో విడిగా లెక్కపెట్టండి. పనివాళ్లు ఎక్కడి నుంచి, ఎలా వస్తున్నారో అడగండి. అమ్మేవారిని వాటాతోనో జీతంతోనో కనీసం ఒక ఏడాది ఉంచుకోండి. ఆయన ఊరికే వస్తానంటే రెండు చేతులూ జోడించి పిలవండి.

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు నుంచి ఎవరైనా ఇలాంటి కొనుగోలు ఆలోచనలో ఉంటే, అడ్వాన్సు ఇవ్వకముందే ఒకసారి మా షెడ్డుకు రండి. ఆ నోటు పుస్తకాలు, ఆ ఉత్తరం, అటక మీది కోర్లు అన్నీ చూపిస్తాను. మీరు కొనబోయే యూనిట్ కాగితాలు కూడా వెంట తెచ్చుకోండి. కూర్చుని కలిసి చదువుదాం.